తెరపై పుస్తకం... పుటకు తాళం

* చదువు నిమిత్తం ప్రతి తీసుకోవచ్చంటున్న చట్టం
* లెక్కగట్టి ఆపేస్తున్న లైసెన్సు
* కొనుగోలు వేళే బేరమాడితేనే విద్యార్థికి మేలు

హనుమకొండ, విద్యావిభాగం: విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో కాగితపు పుస్తకానికి తోడుగా వచ్చిన ఈ-పుస్తకం చదువరికి ఒక సౌలభ్యాన్ని ఇచ్చి, మరొక సౌలభ్యాన్ని లాగేసుకుంటోంది. అర్ధరాత్రి వసతిగృహం గదిలో కూర్చుని తెరిచి చూసుకునే వీలు కల్పించిన అదే పుస్తకం, అవసరమైన అధ్యాయాన్ని కాగితంపై ముద్రించుకోబోతే పరిమితి ముగిసిందంటూ మొండికేస్తోంది. నాలుగు వాక్యాలు నకలు చేసుకోబోయినా అదే తంతు. రుసుము చెల్లించినది విశ్వవిద్యాలయం, చదువుకునేది విద్యార్థి, ఎన్ని పుటలు తీసుకోవాలో నిర్ణయించేది మాత్రం ఎక్కడో ఉన్న ప్రచురణ సంస్థ.

పైకి ఇది సాంకేతిక చిక్కులా కనిపించినా దాని మూలం కంప్యూటర్‌లో లేదు. గ్రంథాలయం సంతకం చేసిన ఒప్పంద పత్రంలో ఉంది. భారత కాపీరైట్ చట్టం విద్యార్థికి ఇచ్చిన వెసులుబాటును ఆ పత్రం చడీచప్పుడు లేకుండా కుదించివేస్తోంది. ఈ తేడా తెలియక విద్యార్థులు గ్రంథాలయ సిబ్బందిని నిందించడం, సిబ్బంది కంప్యూటర్‌ను నిందించడం పరిపాటిగా మారింది. అసలు ముడి ఎక్కడుందో తెలిస్తేనే దాన్ని విప్పే దారి కనిపిస్తుంది.

కొన్నది పుస్తకం కాదు... అనుమతి

కాగితపు పుస్తకాన్ని గ్రంథాలయం ఒకసారి కొన్నదంటే ఆ ప్రతి దాని సొత్తే. దాన్ని బీరువాలో పెట్టవచ్చు, ఎరువివ్వవచ్చు, ఏళ్ల తరబడి దాచవచ్చు. రిఫరెన్సు విభాగంలోని పుస్తకాన్ని కాసేపు అడిగి తీసుకుని, పక్కనే ఉన్న జిరాక్స్ కేంద్రంలో కావలసిన పుటలు తీయించుకోవడం తరతరాల విద్యార్థులకు అలవాటైన పనే. ఎన్ని పుటలు తీశారన్నది పుస్తకానికి తెలియదు, దాన్ని అచ్చువేసినవారికీ తెలియదు.

ఈ-పుస్తకం తీరు వేరు. గ్రంథాలయం చెల్లించే సొమ్ముకు ప్రతిఫలంగా లభించేది పుస్తకం కాదు, దాన్ని ఫలానా షరతులపై చూసేందుకు అనుమతి. పుస్తకం ప్రచురణకర్త సర్వర్‌లోనో, అనేక ప్రచురణ సంస్థల పుస్తకాలను ఒకచోట చేర్చి అందించే మధ్యవర్తి సంస్థ సర్వర్‌లోనో ఉంటుంది. ఒకేసారి ఎందరు తెరవవచ్చు, ఎన్ని పుటలు ముద్రించుకోవచ్చు, ఎన్ని రోజులు దించుకుని ఉంచుకోవచ్చు అన్న వివరాలన్నీ ఒప్పందంలోనే ఖరారవుతాయి. కొన్ని పుస్తకాలను ఒక సమయంలో ఒక్కరే చదవగలరు. మరికొన్నింటికి ముగ్గురు, ఇంకొన్నింటికి పరిమితి లేదు. వంద మంది ఉన్న తరగతికి ఒక్కరే తెరవగల పుస్తకాన్ని పాఠ్యగ్రంథంగా సూచిస్తే పరీక్షల ముందు ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

తాళం పనిచేసే తీరు

అన్ని వేదికలూ ఒకే తాళం వేయడం లేదు. స్ప్రింగర్ వంటి ప్రచురణ సంస్థలు తమ సొంత వేదికపై గ్రంథాలయాలకు ఇచ్చే పుస్తకాలను అధ్యాయాలవారీగా పీడీఎఫ్ రూపంలో తాళం లేకుండానే అందిస్తున్నాయి. వాటిని దించుకుని, ముద్రించుకుని, గీతలు గీసుకుని చదువుకోవచ్చు. అదే మధ్యవర్తి వేదికలైన ప్రోక్వెస్ట్ ఈబుక్ సెంట్రల్, ఎబ్‌స్కో వంటి వాటిలో ప్రతి పుస్తకానికీ ప్రచురణకర్త చెప్పిన పరిమితి విడివిడిగా ఉంటుంది. ఒక పుస్తకంలో వంద పుటల వరకు అనుమతి ఉంటే, పక్క పుస్తకంలో కొద్ది పుటలతోనే ఆగిపోవచ్చు. అసలు ముద్రణకే తావివ్వని పుస్తకాలూ ఉంటాయి. ఒకే వేదికపై రెండు పుస్తకాలు రెండు తీరులుగా ప్రవర్తించడానికి కారణం ఇదే.

పుస్తకం మొత్తాన్ని కొన్ని రోజులకు ఎరువుగా దించుకునే ఏర్పాటు కొన్నింటిలో ఉంది. అడోబ్ డిజిటల్ ఎడిషన్స్ వంటి ప్రత్యేక ప్రోగ్రాం ఉంటేనే ఆ ఫైలు తెరుచుకుంటుంది. గడువు తీరగానే ఫైలు కంప్యూటర్‌లో ఉన్నా అక్కరకు రాదు.

లెక్కలోనూ మెలికలున్నాయి. ముందుమాట, విషయసూచిక వంటి తొలి పుటలకు రోమన్ అంకెలు వేసి, అసలు పాఠం ఒకటో పుట నుంచి మొదలుపెట్టడం ఆంగ్ల గ్రంథాల్లో రివాజు. ఫైలు మాత్రం అట్ట నుంచే లెక్క మొదలుపెడుతుంది. దాంతో పుస్తకంలో 45 అని ఉన్న పుట ఫైలులో అరవయ్యో పుట కావచ్చు. ఇది గమనించక 45 నుంచి 60 వరకు ముద్రించమని ఆదేశిస్తే వేరే అధ్యాయం చేతికొస్తుంది, ఉన్న కోటా కాస్తా కరిగిపోతుంది. ఈపబ్ రూపంలోని పుస్తకాలది మరో చిక్కు. అక్షరాల పరిమాణం మారినప్పుడల్లా పుటల అమరిక మారిపోతుంది. పరిశోధక విద్యార్థి తన సిద్ధాంత గ్రంథంలో ఏ పుట అని ఉటంకించాలో తెలియక తల పట్టుకోవలసి వస్తుంది.

చరవాణి తెరపైనే పుస్తకం చదవవలసిన విద్యార్థికి ఈ పరిమితులు మరింత భారం. సొంత ల్యాప్‌టాప్ ఉన్నవారు రాత్రంతా తెర ముందు కూర్చుని రాసుకోగలరు. చేతిలో చిన్న ఫోను, పరిమిత డేటా మాత్రమే ఉన్నవారికి ముద్రించిన ముప్పై పుటలు చదువుకు ఆధారం. పరిమితి అందరికీ ఒకటే అయినా దెబ్బ అందరికీ ఒకటి కాదు.

చట్టం ఏమంటోంది?

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012లో దానికి విస్తృత సవరణలు జరిగాయి. ఏయే పనులు హక్కుల ఉల్లంఘన కిందకు రావో అందులోని 52వ సెక్షన్ ఏకరువు పెట్టింది. పరిశోధన సహా సొంత ఉపయోగం కోసం, విమర్శ లేదా సమీక్ష కోసం రచనను న్యాయసమ్మతంగా వాడుకోవడం తప్పు కాదని 52(1)(ఎ) చెబుతోంది. అందుకోసం రచనను ఎలక్ట్రానిక్ మాధ్యమంలో భద్రపరచుకోవడం కూడా ఉల్లంఘన కాదని ఆ నిబంధనకు వివరణ జోడించారు. అంటే చదువుకునే నిమిత్తం ఒక అధ్యాయాన్ని కంప్యూటర్‌లో దాచుకోవడాన్ని చట్టం ముందే ఊహించి వెసులుబాటు ఇచ్చింది.

బోధనక్రమంలో ఉపాధ్యాయుడు గానీ, విద్యార్థి గానీ రచనను ప్రతి తీసుకోవడానికి 52(1)(ఐ) అనుమతిస్తోంది. పరీక్షల్లో ప్రశ్నలుగా, వాటికి సమాధానాలుగా వాడుకోవడానికీ ఇదే వర్తిస్తుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. పుస్తకంలో పది శాతానికి మించి ప్రతి తీయరాదన్న మాట గ్రంథాలయాల్లో, జిరాక్స్ కేంద్రాల్లో తరచూ వినిపిస్తుంది. భారత చట్టంలో అటువంటి శాతం ఎక్కడా లేదు. బ్రిటన్‌లో విశ్వవిద్యాలయాలకు ఇచ్చే సామూహిక లైసెన్సులో ఒక అధ్యాయం లేదా పది శాతం, ఏది ఎక్కువైతే అది అన్న లెక్క ఉంది. ఆ దేశపు లైసెన్సు షరతు మన దగ్గర చట్టమన్నంతగా ప్రచారంలోకి వచ్చింది. మన చట్టం చూసేది శాతాన్ని కాదు, ప్రయోజనాన్ని. ఏ పని కోసం తీసుకున్నారు, ఆ పనికి అంత అవసరమా అన్నదే గీటురాయి.

దారి చూపిన ఢిల్లీ తీర్పు

ఈ గీటురాయి న్యాయస్థానంలో పరీక్షకు నిలిచింది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసెస్ అనే దుకాణంపైనా, విశ్వవిద్యాలయంపైనా ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, కేంబ్రిడ్జి యూనివర్సిటీ ప్రెస్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు 2012లో దావా వేశాయి. పాఠ్యప్రణాళికలో సూచించిన పుస్తకాల నుంచి అధ్యాయాలను జిరాక్స్ తీసి, ఒకే కట్టగా కుట్టి విద్యార్థులకు అమ్మడం వాటి అభ్యంతరం. విద్యార్థులు, అధ్యాపకులు సంఘాలుగా ఏర్పడి కేసులో ప్రతివాదులుగా చేరారు.

2016 సెప్టెంబరు 16న ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం దావాను కొట్టివేసింది. గ్రంథాలయంలో కూర్చుని చేత్తో రాసుకోవడం తప్పు కానప్పుడు, అదే పని యంత్రం చేసినంత మాత్రాన తప్పయిపోదన్నది ఆ తీర్పులోని తర్కం. ప్రచురణ సంస్థలు అప్పీలుకు వెళ్లగా, బోధనక్రమం అంటే తరగతి గదిలోని ఉపన్యాసం ఒక్కటే కాదని, పాఠానికి ముందూ వెనకా సాగే అధ్యయనమంతా అందులోకి వస్తుందని 2016 డిసెంబరు 9న ద్విసభ్య ధర్మాసనం స్పష్టం చేసింది. ప్రయోజనానికి తగినంత మేరకే ప్రతి తీశారా, పుస్తకాలు మొత్తంగా తీయడం సబబేనా అన్న అంశాలను మాత్రం విచారణకు పంపింది. 2017 మార్చిలో ప్రచురణ సంస్థలు దావానే ఉపసంహరించుకున్నాయి. పునర్ముద్రణ హక్కుల సంస్థ ఒకటి సుప్రీంకోర్టు తలుపు తట్టినా 2017 మే నెలలో అక్కడా చుక్కెదురైంది.

విద్యార్థి లోకానికి ఇది పెద్ద ఊరట. అయితే అది కాగితపు పుస్తకంపై వచ్చిన తీర్పు. జిరాక్స్ యంత్రం ముందు నెగ్గిన హక్కు, ఈ-పుస్తకం తెర ముందు అక్కరకు రాకుండా పోతోంది. దుకాణంపై దావా వేయవలసిన అవసరమే ప్రచురణకర్తకు ఇప్పుడు లేదు. ముద్రణ మీటను పనిచేయకుండా చేస్తే చాలు.

ఒప్పందం ముందు చిన్నబోతున్న హక్కు

చట్టం అనుమతించిన దాన్ని ఒప్పందం నిషేధించవచ్చా అన్నది అసలు ప్రశ్న. బ్రిటన్ 2014లో తన చట్టాన్ని సవరించి, పరిశోధన, స్వీయ అధ్యయనం కోసం చట్టం ఇచ్చిన వెసులుబాటును హరించే ఒప్పంద షరతు చెల్లదని తేల్చిచెప్పింది. మన కాపీరైట్ చట్టంలో అంత స్పష్టమైన వాక్యం లేదు. పర్యవసానంగా గ్రంథాలయం సంతకం చేసిన షరతే విద్యార్థి పాలిట శాసనమవుతోంది.

సాంకేతిక తాళం విషయంలో చట్టం కొంత ఆలోచించే అడుగు వేసింది. 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాన్ని ఛేదించడం నేరం. రెండేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా పడవచ్చు. ఉల్లంఘన ఉద్దేశం ఉండాలన్నది ఇక్కడ కీలకం. చట్టం నిషేధించని పని కోసమైతే ఈ సెక్షన్ అడ్డురాదని కూడా అందులోనే ఉంది. అలాంటి పనికి ఇతరులకు సాయపడేవారు వారి పేరు, చిరునామా, ప్రయోజనం వంటి వివరాలను నమోదు చేసి ఉంచాలన్న షరతు విధించింది.

దీన్ని చూసి తాళం పగలగొట్టవచ్చని విద్యార్థి భ్రమపడితే ప్రమాదమే. నేరం కాకపోవచ్చు గానీ ఒప్పంద ఉల్లంఘన అవుతుంది. దాని ఫలితం ఆ ఒక్క విద్యార్థితో ఆగదు. ఒక ఖాతా నుంచి అసాధారణ స్థాయిలో పుటలు దిగుతున్నాయని వేదిక గుర్తిస్తే, ముందుజాగ్రత్తగా ఆ విశ్వవిద్యాలయం మొత్తానికి ప్రవేశాన్ని నిలిపివేసే అధికారం లైసెన్సుల్లో సర్వసాధారణం. ఒకరి అత్యాశకు వేల మంది చదువు కుంటుపడే పరిస్థితి అది.

ప్రచురణకర్తల గోడు

ప్రచురణకర్తల వాదనను తోసిపుచ్చడమూ న్యాయం కాదు. జిరాక్స్ తీసిన ప్రతి చేతులు మారేకొద్దీ మసకబారుతుంది. పీడీఎఫ్ ప్రతి లక్షసార్లు నకలైనా మెరుగు తగ్గదు. గ్రంథాలయం నుంచి దిగిన ఒక ఫైలు సాయంత్రానికి వాట్సప్, టెలిగ్రామ్ బృందాల్లో చక్కర్లు కొట్టగలదు. పెద్ద సంస్థలు ఆ నష్టాన్ని తట్టుకోవచ్చునేమో గానీ, కొద్ది ప్రతులపై బతికే చిన్న ప్రచురణకర్త, ఏళ్ల శ్రమతో పాఠ్యగ్రంథం రాసిన రచయిత తట్టుకోలేరు. రాసినవారికి ప్రతిఫలం దక్కకపోతే రేపటి పుస్తకమే ఉండదు.

అయితే ఈ భయానికి పుటల కోటా సరైన మందేనా అన్నది ఆలోచించాలి. మొత్తం పుస్తకాన్ని అపహరించదలచినవాడిని ఆ కోటా ఆపలేదు. వాడికి వేరే దారులున్నాయి. కోటా ఆపుతున్నది నిబంధనలు పాటిస్తూ తన సొంత పాస్‌వర్డుతో లోపలికి వచ్చిన విద్యార్థిని. ఫైలుపై తీసుకున్నవారి గుర్తు పడేలా ముద్ర వేయడం వంటి పద్ధతులు దుర్వినియోగాన్ని కట్టడి చేస్తూనే చదువుకు అడ్డు తగలవు. తాళం లేకుండా పుస్తకాలు ఇస్తున్న సంస్థలు ఇప్పటికీ వ్యాపారం చేస్తూనే ఉన్నాయన్నది గుర్తుంచుకోదగిన విషయం.

ఒకే నగరం... అంతస్తులు వేరు

ఓరుగల్లు త్రినగరిని ఉదాహరణగా తీసుకుంటే అసమానత తేటతెల్లమవుతుంది. కేంద్ర నిధులతో నడిచే జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఇక్కడే ఉంది. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు, ప్రైవేటు కళాశాలలూ ఉన్నాయి. ఒకే పాఠ్యాంశం చదివే విద్యార్థులకు ఈ-పుస్తకం అందే దారి మాత్రం సంస్థను బట్టి మారుతుంది.

కళాశాలల కోసం గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం 2010 నుంచి ఎన్-లిస్ట్ పథకాన్ని నడుపుతోంది. తక్కువ రుసుముతో సభ్యత్వం తీసుకున్న కళాశాలల అధ్యాపకులు, విద్యార్థులకు వ్యక్తిగత ఖాతాల ద్వారా వేలాది జర్నళ్లు, లక్షకు పైగా ఈ-పుస్తకాలు చూసే అవకాశం ఇది కల్పించింది. మారుమూల డిగ్రీ కళాశాల విద్యార్థికి ఇంత సామగ్రి చేరువ కావడం చిన్న విషయం కాదు. సభ్యత్వం ఉన్నా తన ఖాతా తెరుచుకోని విద్యార్థికి మాత్రం అది ఉన్నా లేనట్టే.

'ఒకే దేశం - ఒకే చందా' పథకానికి 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027 సంవత్సరాలకు రూ.6,000 కోట్లు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13 వేల జర్నళ్లను 6,300కు పైగా ప్రభుత్వ ఉన్నత విద్య, పరిశోధన సంస్థల్లోని దాదాపు 1.8 కోట్ల మందికి అందించడం దీని లక్ష్యం. ఒక్కో సంస్థ విడివిడిగా చందా కట్టే బదులు దేశమంతా ఒక్కటై బేరమాడటం స్వాగతించదగిన మార్పు. కానీ ఈ పథకం ఉద్దేశించింది ప్రధానంగా జర్నళ్లను. పట్టభద్ర, స్నాతకోత్తర విద్యార్థి నిత్యం తిరగేసే పాఠ్యగ్రంథాల ఈ-ప్రతులకు అటువంటి జాతీయ స్థాయి బేరం లేదు. అక్కడ ఒక్కో విశ్వవిద్యాలయం తన పరిమిత నిధులతో బహుళజాతి సంస్థ ఎదుట ఒంటరిగా నిలబడుతోంది.

విపణి పోకడ కూడా గ్రంథాలయాలకు అనుకూలంగా లేదు. ప్రోక్వెస్ట్‌ను సొంతం చేసుకున్న క్లారివేట్ సంస్థ, ఒకసారి సొమ్ము చెల్లించి ఈ-పుస్తకాన్ని శాశ్వతంగా పొందే విధానాన్ని ఎత్తివేసి చందా పద్ధతికి మారతామని 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. ప్రపంచవ్యాప్తంగా గ్రంథాలయాధికారులు గగ్గోలు పెట్టడంతో గడువును 2026 జూన్ నెలాఖరు వరకు పొడిగించింది. చందా ఆగిననాడు పుస్తకమే కనుమరుగయ్యే పద్ధతిలో, చదువు కోసం ముద్రించుకున్న పుటల విలువ మరింత పెరుగుతుంది.

చూపులేనివారికి రెండింతల శిక్ష

పరిమితుల దెబ్బ అందరికన్నా ఎక్కువగా తగిలేది దృష్టిలోపం ఉన్న విద్యార్థులకు. తెరపై అక్షరాలను బిగ్గరగా చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను కొన్ని తాళాలు పనిచేయనివ్వవు. నకలు తీసి వేరే రూపంలోకి మార్చుకుందామంటే కోటా అడ్డుపడుతుంది. వాస్తవానికి వీరి విషయంలో మన చట్టం ఎంతో ఉదారమైనది. వికలాంగులకు అందుబాటులో ఉండే రూపంలోకి రచనను మార్చడానికి 2012 సవరణ 52(1)(జెడ్‌బీ) ద్వారా అనుమతించింది. దృష్టిలోపం ఉన్నవారి కోసం కుదిరిన మర్రకేష్ అంతర్జాతీయ ఒడంబడికను 2014లో ప్రపంచంలో అందరికంటే ముందుగా ధ్రువీకరించిన దేశం భారతదేశమే. ఇంత చేసిన దేశంలో ఒక విద్యార్థి తన విశ్వవిద్యాలయం రుసుము చెల్లించిన పుస్తకాన్ని వినలేకపోతే ఆ లోపం చట్టానిది కాదు. ఆ షరతును ప్రశ్నించకుండా సంతకం పెట్టిన చేతిది.

తాళం లేని పుస్తకాలూ ఉన్నాయి

పరిమితులతో నిమిత్తం లేని పుస్తక సంపద కూడా కొంత ఉంది. మన దేశంలో రచయిత జీవితకాలంలో వెలువడిన రచనపై హక్కు, ఆయన మరణించిన ఏడాది ముగిసినప్పటి నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1953లో కన్నుమూసిన సురవరం ప్రతాపరెడ్డి రచనలు ఆ లెక్కన 2014 జనవరి నుంచి అందరి సొత్తు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను మొత్తంగా ముద్రించుకున్నా అడిగేవారు లేరు. 2000 దశకంలో సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద వేలాది తెలుగు గ్రంథాలను స్కాన్ చేశారు. హైదరాబాద్‌లోని ఐఐఐటీ అందులో ప్రధాన భాగస్వామి. ఆ పథకం కాలక్రమంలో మూతపడినా అనేక గ్రంథాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నిలిచి ఉన్నాయి. ఖరగ్‌పూర్ ఐఐటీ రూపొందించి, 2018లో జాతికి అంకితమైన జాతీయ డిజిటల్ గ్రంథాలయం మరో ఆసరా. సాహిత్యం, చరిత్ర చదివేవారికి ఇవి వరాలు. నేటి వైద్యం, ఇంజినీరింగ్, వాణిజ్యం చదివేవారికి మాత్రం కొత్త పుస్తకమే కావాలి. అక్కడే తాళం ఎదురవుతోంది.

కొనే ముందే అడగాలి

తాళం వేసిన తర్వాత తాళంచెవి కోసం వెతకడం కన్నా, తాళం లేని తలుపును ఎంచుకోవడం మేలు. ఈ-పుస్తకాల కొనుగోలు ప్రతిపాదన వచ్చినప్పుడు గ్రంథాలయ కమిటీలు శీర్షికల సంఖ్యను, ధరను చూసి సంతృప్తి పడటం సరిపోదు. కొన్ని ప్రశ్నలకు రాతపూర్వక సమాధానం రాబట్టాలి. ఒక్కో విద్యార్థి ఎన్ని పుటలు ముద్రించుకోవచ్చు? ఆ కోటా రోజుకా, పుస్తకానికా? అధ్యాయం మొత్తాన్ని ఒకే ఫైలుగా ఇస్తారా? ఒకేసారి ఎందరు చదవగలరు? ప్రాంగణం వెలుపల నుంచి, దూరవిద్య విద్యార్థులకు ప్రవేశం ఉందా? దృష్టిలోపం ఉన్నవారి సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తుందా? చందా ఆగిపోతే ఏమవుతుంది?

ఒకే పుస్తకం ప్రచురణకర్త సొంత వేదికపైనా, మధ్యవర్తి వేదికపైనా దొరికినప్పుడు తాళం లేని దానికే ప్రాధాన్యమివ్వాలి. ధరలో తేడా ఉంటే, ఆ తేడాతో కొంటున్నది విద్యార్థి స్వేచ్ఛ అని గుర్తించాలి. భారత కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ఇచ్చిన హక్కులను ఈ ఒప్పందంలోని ఏ షరతూ తగ్గించజాలదన్న ఒక్క వాక్యాన్ని ప్రతి లైసెన్సులో చేర్పించగలిగితే సగం చిక్కు వీడుతుంది. ఒక్క విశ్వవిద్యాలయం అడిగితే వినని సంస్థ, రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలన్నీ ఉన్నత విద్యామండలి ద్వారా ఒకే గొంతుతో అడిగితే వినక తప్పదు. జర్నళ్ల విషయంలో దేశం చేసి చూపినదాన్ని పాఠ్యగ్రంథాల విషయంలో రాష్ట్రం చేయలేకపోదు.

అధ్యాపకుల బాధ్యతా ఉంది. పాఠ్యప్రణాళికలో పుస్తకాన్ని సూచించే ముందు గ్రంథాలయంలో దాని ఈ-ప్రతి ఎందరికి అందుతుందో ఒకసారి చూడాలి. అందరూ చదివి తీరవలసిన గ్రంథమైతే కాగితపు ప్రతులు కొన్నింటిని రిఫరెన్సు విభాగంలో ఉంచేలా చూడటం నేటికీ ఉత్తమ మార్గమే.

విద్యార్థులు తెలుసుకోవలసినవి

* ముద్రించే ముందు పుస్తక వివరాల పుటలో ఎన్ని పుటలు మిగిలాయో చూసుకోవాలి. మధ్యవర్తి వేదికల్లో ఈ లెక్క సాధారణంగా అక్కడే కనిపిస్తుంది.

* పుస్తకంలోని పుట సంఖ్యకు, ఫైలులోని పుట సంఖ్యకు తేడాను ముందుగా సరిచూసుకోవాలి. మొదట ఒక్క పుట ముద్రించి చూస్తే కోటా వృథా కాదు.

* అధ్యాయంగా దించుకునే అవకాశం ఉంటే పుటలవారీ ముద్రణ కన్నా అదే మెరుగు.

* కోటా ముగిస్తే గ్రంథాలయాధికారిని సంప్రదించాలి. అదే పుస్తకం వేరే వేదికపైనో, కాగితపు ప్రతిగానో ఉండవచ్చు.

* పాస్‌వర్డును ఇతరులకు ఇవ్వరాదు. పుస్తకం మొత్తాన్ని వరుసగా దించే ప్రోగ్రాంలు వాడితే సంస్థ మొత్తానికి ప్రవేశం నిలిచిపోయే ముప్పుంది.

* చదువు కోసం తీసుకున్న ప్రతిని చదువుకే పరిమితం చేయాలి. అంతర్జాలంలో పంచితే చట్టం ఇచ్చిన రక్షణ దక్కదు.

అక్షరం అందరిదీ కావాలి

పుస్తకాన్ని జనానికి చేర్చడం ఈ గడ్డకు కొత్త కాదు. నిజాం కాలంలో తెలుగు చదువుకు ఆదరణ కరవైన రోజుల్లో, 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. అప్పుడు అడ్డంకి పుస్తకం లేకపోవడం. ఇప్పుడు పుస్తకం కళ్లెదుటే ఉంది, సొమ్ము చెల్లింపు కూడా పూర్తయింది. అయినా కావలసిన పుట చేతికందడం లేదు. పుస్తకాలున్నది వాడుకోవడానికేనని గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్.రంగనాథన్ 1931లో ప్రతిపాదించిన అయిదు సూత్రాల్లో మొదటిది చెబుతోంది. చదువరి సమయాన్ని ఆదా చేయాలన్నది నాలుగోది. విశ్వవిద్యాలయాలు తదుపరి ఈ-పుస్తకాల ఒప్పందంపై సంతకం పెట్టే ముందు ఈ రెండు సూత్రాలను ఆ పత్రం పక్కన పెట్టుకుని చదివితే చాలు. ఏ షరతును కొట్టివేయాలో కలం దానంతటదే చూపిస్తుంది.